దేనికని అడిగితే టీ

వీధిలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. అసలు పేరు అడిగితే ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

ఇంట్లో రెండు గదులు, ఒక వంటగది. ముందు గది భర్త టైలరు షాపు. వెనక గది ఆమెది. మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. పెళ్ళయిన కొత్తలో, షాపుకి కాజాలు పెట్టే ముసలాయన మంచం పట్టాడు. "ఈ ఒక్క చొక్కాకి నువ్వు పెట్టు. రేపు ఇచ్చెయ్యాలి" అన్నాడు టైలరు. ఆమె పెట్టింది. ఆ ఒక్క చొక్కా ఆమె జుట్టు నెరిసేదాకా నడిచింది.

అతను చొక్కా కుట్టి తెర పైనుంచి వెనక్కి విసిరేవాడు. బొత్తాలు దూరే చోట ఆమె చిన్న చీలికలు కోసేది. పీచు లేవకుండా చీలిక చుట్టూ దారం అల్లేది. బొత్తాలు కుట్టేది. మళ్ళీ తెర పైనుంచి ముందుకు విసిరేది. చాలా రోజులు వాళ్ళ మధ్య జరిగిన సంభాషణ అంతే. సూది వెనక మొన ఒత్తుకుని ఒత్తుకుని ఆమె చూపుడువేలి కొసన ఒక గుంట పడింది. ఉప్పు తీసినప్పుడు ఆ గుంటలో కొంచెం నిలుస్తుంది.

చొక్కా బాగుంటే ఎవరు కుట్టారని అడుగుతారు. టైలరని చెబుతారు. కాజా ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. బొత్తాం ఊడితే మాత్రం అడుగుతారు.

తర్వాత బజారులో ఎవరో కాజాల మిషను పెట్టారు. టైలరు చొక్కాలు అక్కడికి పంపడం మొదలుపెట్టాడు. "ఇక నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. హాయిగా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. కిటికీ దగ్గర నిలబడి వెనక సందులో కరెంటు తీగల మీద వాలే పిట్టలను చూసింది.

పక్క వీధిలో కండక్టరు ఉంటుంది. బస్సులో కండక్టరుగా చేసి మానేసిన మనిషి. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు. ఒకరోజు పాత కోటుకి బొత్తాం కుట్టించుకుందామని వచ్చింది. కాజాలక్క గిన్నె తోముతుంటే చూసింది.

"ఆ గిన్నె నీకేం అన్యాయం చేసింది?"

"ఏం తోచడం లేదక్కా."

"లే. చెప్పులేసుకో. నీకో చోటు చూపిస్తా."

ఆ చోటు టైర్ల దుకాణం పైన ఉంది. మెట్లన్నీ రబ్బరు వాసన. పై తలుపు తీస్తే కొత్త నూలు గుడ్డ వాసన. అది బొంతల షాపు. గోడ పొడవునా అరల్లో గుడ్డలు రంగుల వరసలో ఉన్నాయి. గుడ్డ తాను లెక్కన కాదు, అరచేయంత ముక్క అడిగినా కోసి ఇస్తారు. నడుపుతున్నావిడ తాడు కట్టిన కళ్ళద్దాలు మెళ్ళో వేసుకుని, నిచ్చెన లేకుండా పై అర అందుకుంటుంది. అందరూ పొడుగమ్మ అంటారు.

గోడకు వేలాడుతున్న ఒక బొంత దగ్గరకు వెళ్ళి కాజాలక్క ముందు దాన్ని తిరగేసి చూసింది. టైలరింటి అలవాటు. వెనక వైపు కూడా ముందు వైపంత శుభ్రంగా ఉంది. ఆమెకు గౌరవం కలిగింది.

మూలన ఒక ఎంబ్రాయిడరీ మిషను నడుస్తోంది. ఎవరూ ముట్టుకోవడం లేదు. గుడ్డను బిగించిన ఫ్రేము సూది కింద తనంతట తాను జరుగుతోంది. ఒక పువ్వు రేకు రేకుగా పైకి వస్తోంది. కాజాలక్క అక్కడే నిలబడిపోయింది. కండక్టరు షాపంతా తిరిగి, కింద టైర్లవాళ్ళతో ఏదో గొడవ కూడా పెట్టుకుని వచ్చింది. పువ్వుకి ఇంకా కాడ రాలేదు. కాజాలక్క కదల్లేదు.

కొన్ని నెలలకు ఆమె చేతి గాజులు కనబడలేదు. వెనక గదిలో మిషను కనబడింది.

"గాజులేవి?" అన్నాడు టైలరు.

"కాజాలు పెట్టేటప్పుడు గుడ్డకి తగులుతాయని రోజూ తీసి పక్కన పెట్టేదాన్ని. ఈసారి తీసి అమ్మేశాను."

అతను మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. "దానంతట అదే కుడుతుంటే ఇందులో నీ గొప్పేముంది?"

"కూర కూడా దానంతట అదే ఉడుకుతుంది. ఉప్పెక్కువైతే నన్నే కదా అంటారు."

బొంత సంగతి అతనికి మరీ మింగుడుపడలేదు. టైలరింట్లో బొంత ఏమిటి? నలుగురూ చూస్తే చినిగిన బట్టలు కప్పుకుంటున్నారనుకోరూ? "మంచి గుడ్డని ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్ళీ కలిపి కుట్టడమేంటే? కోయకుండా ఉంటే కలిసే ఉంటుందిగా!"

"మీరు గుడ్డ తాను కోయకుండానే చొక్కాలు కుడుతున్నారా?"

"చొక్కా తొడుక్కుంటారు."

"బొంత కప్పుకుంటారు."

"ఎవరు కప్పుకుంటారు?"

ఆమె ముక్కలు దొంతరగా సర్దింది. "ఎవరూ కప్పుకోకపోయినా కుడతాను" అంది.

ఆమె కుడుతున్నది పిట్టల బొంత. కిటికీలోంచి చూసిన పిట్టలే. ఒక్కో ముక్క మీద ఒక్కో పిట్ట. కాగితం మీద గీసిన పిట్టను మిషనుకి అర్థమయ్యే కుట్లుగా మార్చడం పొడుగమ్మ నేర్పింది. మొదటి పిట్ట కోడిలా వచ్చింది. రెండోది చెప్పులా వచ్చింది. మూడోది తీగ మీద వాలింది.

నెలకోసారి నర్సుకి సెలవు దొరికిన రోజున ఆమె, కండక్టరు, కాజాలక్క ముగ్గురూ పొడుగమ్మ షాపుకి వెళతారు. నర్సు కండక్టరు ఇంటి పై వాటాలో ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతుంది. కండక్టరు మాత్రం కూర్చోలేదు. "లోపలికి జరగండి, లోపల ఖాళీగా ఉంది" అని లేచి అరుస్తుంది. అసలు కండక్టరు కుర్రవాడు దండం పెడతాడు. "అమ్మా, మీరు దిగేదాకా టికెట్లు కూడా మీరే కొట్టండి."

షాపులో వాళ్ళకొక నియమం ఉంది. అది నర్సు పెట్టింది. ఆసుపత్రిలో రోజంతా ఆమెను అందరూ ఒకటే అడుగుతారు. ఈ సూది దేనికి? ఈ మాత్ర దేనికి? అంత రక్తం దేనికి? "నా సెలవు రోజున ఆ మాట నా చెవిన పడకూడదు" అంది నర్సు. "ఎవరు ఏ గుడ్డ కొన్నా, ఏ దారం కొన్నా దేనికని అడగకూడదు. అడిగితే అందరికీ టీ ఇప్పించాలి."

మొదట్లో టీలన్నీ కండక్టరువే.

ఒకసారి నర్సు నీలం చేపలున్న పసుపు గుడ్డ తీసి గుండెకు ఆనించుకుంది. కండక్టరు నోరు తెరిచింది. "ఇది దే..."

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"దే? ఏంటి దే?" అంది పొడుగమ్మ.

"దేవుడా, ఎంత బాగుందో అంటున్నా."

ఆ రోజు టీ తప్పించుకుంది. అందరూ నవ్వారు. కాజాలక్క కూడా నవ్వింది. దారాల డబ్బా ముందు నిలబడి ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చ పెట్టి చూస్తూ నవ్వింది. తెల్ల చొక్కాకి తెల్ల దారం, ఖాకీ చొక్కాకి ఖాకీ దారం ఎక్కించుకుంటూ ఏళ్ళు గడిపిన చేయి అది. ఇక్కడ ఏ దారం కావాలో చొక్కా చెప్పదు. ఆమే చెప్పాలి. ఆ సంగతికే ఆమె నెలంతా ఎదురుచూస్తుంది.

చూసినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. అమ్మరాదూ? కూతురు ఫోనులో అంది. ఇస్త్రీ బండి అతను అన్నాడు. టైలరు దగ్గరకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు తెర పక్కనుంచి తొంగిచూసి అన్నారు. ఎంత బాగుందంటే అమ్ముకోవచ్చు అన్నారు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు వాళ్ళకు తెలియదు.

"కాజాలు అమ్మాను. చాలు" అనేది కాజాలక్క.

ఒకరోజు కాపలావాళ్ళ కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. టైలరు వాళ్ళకి యూనిఫాం చొక్కాలు కుట్టి సిద్ధంగా ఉంచాడు. సూపర్‌వైజరు తీసుకెళ్ళబోతూ ఆగాడు.

"మా వాళ్ళు ఇప్పుడు జేబు మీద గద్ద ఉండాలంటున్నారండీ. గద్ద ఉంటే దొంగలు భయపడతారంట."

"బొమ్మ గద్దకా?"

"నన్నడక్కండి. పైవాళ్ళ మాట." తెర గాలికి కదిలింది. వెనక గదిలో మిషను ఒక పిట్టకు రెక్క కుడుతోంది. సూపర్‌వైజరు మొహం వెలిగింది. "మీ ఇంట్లోనే మిషను పెట్టుకుని నన్ను బజారంతా తిప్పుతారా? పెద్దాయనా, మీరే కుట్టించి ఇవ్వండి. ఇకమీదట మా చొక్కాలన్నీ మీకే."

"దానికేముంది, రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాడు టైలరు.

తెర ఇవతల కాజాలక్క మిషను ఆపింది.

సూపర్‌వైజరు గద్ద బొమ్మ ఉన్న పెన్ డ్రైవ్ ఇచ్చి వెళ్ళిపోయాడు. టైలరు తెర తీసుకుని లోపలికి వచ్చాడు. చొక్కాల దొంతర మంచం మీద పెట్టాడు.

"విన్నావుగా."

"విన్నాను. కుట్టను."

"అంటే?"

"నా మిషను మీద గద్ద వాలదు."

"ఒక్కసారికే కదే."

"కాజాలు కూడా ఒక్క చొక్కాకే అన్నారు."

ఆ ముసలాయన మంచం పట్టిన రోజు అతనికీ గుర్తుంది. కానీ మాట ఇచ్చేశాడు. "ఇప్పుడు లేదంటే నా మాట ఏం కావాలి?"

"నన్ను అడిగి ఇచ్చారా మాట? మాట మీది. మిషను నాది."

"ఇల్లెవరిది?"

కాజాలక్క చొక్కాల దొంతర ఎత్తింది. తెర పైనుంచి ముందు గదిలోకి విసిరింది, ఇదివరకు విసిరినట్టే. వాటికి కాజాలున్నాయి, బొత్తాలున్నాయి. గద్ద లేదు.

సాయంత్రం కూతురు ఫోను చేసింది. "అమ్మా, నాన్న మాట పోనివ్వకే."

"మీ నాన్న మాట పోతే మీ నాన్నే వెతుక్కుంటారు. నువ్వు తిన్నావా?"

మర్నాడు నర్సు సెలవు. కాజాలక్క సంచీ భుజాన వేసుకుంది. ఫ్రేములో పిట్ట సగంలో ఉంది. ఒళ్ళు, రెక్క అయ్యాయి. తోక మిగిలింది. తోకకి సరైన ముదురు నీలం దారం ఆమె దగ్గర లేదు. దాని కోసమే బయలుదేరింది.

"మిషను గదికి తాళం వెయ్యవా?" అంది కండక్టరు, సంగతంతా విని.

"ఆ గదికి తలుపే లేదక్కా. తెరకి ఎక్కడ వెయ్యను?"

ఆ రోజు బస్సులో కండక్టరు కూడా కూర్చుంది. షాపులో కాజాలక్క నీలం దారాలు ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసింది. దేన్నీ చూడలేదు. చేతులు చూస్తున్నాయి, మనసు వెనక గదిలో ఉంది. ఇవాళ గద్ద కుడితే రేపు సింహం వస్తుంది. ఎల్లుండి స్కూళ్ళ దీపాలు, హోటళ్ళ కిరీటాలు వస్తాయి. తీగ మీద పిట్టకి చోటుండదు. ఆమెకు అంతా కనబడుతోంది, ఒకసారి చూసిన దారి కాబట్టి.

కండక్టరు దగ్గరకి వచ్చి గొంతు తగ్గించింది. ఆమె తగ్గించినా కింద టైర్ల దుకాణానికి వినబడుతుంది. "ఒసేయ్ కాజాలూ, ఆ గద్దేదో కుట్టి మొహాన పారెయ్యరాదూ. ఇంట్లో గొడవెందుకు?"

కాజాలక్క దారం కింద పెట్టింది. నువ్వు కూడానా అన్నట్టు చూసింది.

"టీ" అంది నర్సు, అరల వెనకనుంచి.

"ఎందుకు అన్నాను! దేనికి అనలేదు!"

"రెండూ ఒకటే."

"ఎక్కడ ఒకటే? పొడుగమ్మా, నువ్వు చెప్పు."

పొడుగమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని తీర్పు చెప్పింది. "రెండూ ఒకటే. నాకు అల్లం వేయించు."

టీలు వచ్చాక పొడుగమ్మ కాజాలక్క పక్కన స్టూలు లాక్కుంది. "నేనూ ఒక ఏడాది స్కూలు బ్యాడ్జీలు కుట్టాను. పుస్తకం, దీపం, చుట్టూ ఆకులు. ఆ ఏడాది నా కోసం ఒక్క ముక్క కుట్టుకోలేదు. చివరికి మిషను చప్పుడు వింటే వాంతి వచ్చేది. నీకు కుట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను. జరిగింది చెప్పాను."

కాజాలక్క టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, దారాల డబ్బాలోంచి ఒక నీలం తీసింది. ఈసారి ఒకేసారి తీసింది.

"కుట్టనుగాక కుట్టను" అంది. ఎవరితోనూ కాదు.

తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లోనే ఆమె ఆగిపోయింది. కండక్టరు, నర్సు వెనక ఉన్నారు. షాపు మిషను చప్పుడు వేరు, అది కాలితో తొక్కితే పరుగెత్తి ఆగుతుంది. ఇది ఆగకుండా వస్తున్న సన్నటి చప్పుడు. ఆమె మిషను నడుస్తోంది.

వెనక గదిలో ఆమె కుర్చీలో టైలరు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తెర సందులోంచి చూసి నేర్చుకున్నట్టున్నాడు. ఫ్రేములో ఒక యూనిఫాం చొక్కా ఉంది. జేబు మీద గద్ద ముక్కు పూర్తవుతోంది. పక్కన స్టూలు మీద ఐదారు చొక్కాలు నీటుగా మడిచి ఉన్నాయి. పై చొక్కా మీద గద్ద రెక్కలు విప్పుకుని చూస్తోంది.

మంచం మీద ఆమె పిట్ట ఉంది. ఫ్రేములోంచి తీసి, ముడత పడకుండా పరిచాడు. తోక లేని పిట్ట.

"వచ్చావా?" అన్నాడు టైలరు. గొంతులో గెలుపు ఉంది. "ఇందులో బ్రహ్మవిద్య ఏముందే? నొక్కితే కుడుతోంది. నువ్వు కుట్టకపోతే పని ఆగిపోతుందనుకున్నావా?"

మిషను పీప్ అని ఆగింది. అతను ఫ్రేము విప్పాడు. చొక్కాని రెండు భుజాల దగ్గర పట్టుకుని, కొత్త చొక్కా చూపించే టైలరు ఎప్పుడూ చేసేటట్టు, గాలిలో ఒక్క విదిలింపు విదిలించాడు.

చొక్కా విచ్చుకోలేదు.

మళ్ళీ విదిలించాడు. చొక్కా నడుము, చేతులు ఊగాయి. గుండె దగ్గర మాత్రం అతుక్కుని ఉండిపోయింది. అతను లోపల చేయి పెట్టాడు. చేయి గద్ద దగ్గర ఆగింది. గద్ద జేబుని పట్టుకుంది, జేబు వెనకున్న చొక్కా ముందు భాగాన్ని పట్టుకుంది, దాని వెనక వీపు గుడ్డని కూడా పట్టుకుంది. మూడూ కలిపి కుట్టుకుపోయాయి. ఫ్రేము బిగించేటప్పుడు కుట్టాల్సిన పొర ఒక్కటే ఉంచి మిగతాదంతా పక్కకి లాగాలి. అతను శుభ్రమైన పనివాడు. చొక్కా నలగకూడదని మిగతాదంతా ఫ్రేము కింద చక్కగా సర్ది పరిచాడు, ఇస్త్రీకి పరిచినట్టు.

కాజాలక్క స్టూలు మీదున్న చొక్కా ఒకటి తీసి విప్పబోయింది. రాలేదు. దాని కింది చొక్కా రాలేదు. ఆ కిందిదీ రాలేదు. అతను ఒక్కటి కూడా విప్పి చూడలేదు. కుట్టినదాన్ని కుట్టినట్టే మడిచిపెట్టాడు.

గుమ్మంలోంచి కండక్టరు అంతా చూసింది. ఆపుకుందామని ప్రయత్నం చేసింది, పాపం. "అన్నయ్యగారూ, ఈ చొక్కాలు తొడుక్కునేవాళ్ళు మరీ సన్నగా ఉండాలి."

నర్సు ఆమె చేయి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. నవ్వు మాత్రం చాలాసేపు లోపలికి వినబడుతూనే ఉంది.

టైలరు కూర్చున్నాడు. జీవితంలో ఏనాడూ చొక్కా ముందుని వెనకకి కలిపి కుట్టని మనిషి.

"సరే" అన్నాడు. "ఈ పాడైనవి నేను చూసుకుంటా. మిగతావి నువ్వు కుట్టు."

"కుట్టను."

"నా అవస్థ చూసి కూడానా? నవ్వుకుంటున్నావు కదూ లోపల?"

"నవ్వడం లేదు. నా పిట్టని తీసేశారు."

"దానికేమైంది? ఒక్క కుట్టు కూడా తెగకుండా తీశాను. మళ్ళీ బిగించుకో."

"మళ్ళీ బిగిస్తే అదే చోట కూర్చోదండీ. మీకు తెలీదా?"

అతను పిట్ట వైపు చూశాడు. ఆ మాట అతనికి అర్థమయింది. విప్పి మళ్ళీ ఎక్కించిన చొక్కా చేయి ఎంత జాగ్రత్తగా కుట్టినా పాత చోట కూర్చోదు. ఎదుటివాడికి తెలియదు, కుట్టినవాడికి తెలుస్తుంది. అతను లేచి చొక్కాలన్నీ ఎత్తుకున్నాడు. తెర పక్కకి జరుపుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. ఆ పూట తెర పైనుంచి ఎటూ ఏదీ ఎగరలేదు.

తర్వాత చాలా రోజులు అతను గద్దలు విప్పాడు. అంత దట్టంగా కుట్టిన దారం ఒక్కొక్క పోగూ తెంపి లాగాలి. లాగాక గుడ్డ జల్లెడలా మిగిలింది. జేబులు, వీపు ముక్కలు కొత్తవి కోసి వేశాడు. సూపర్‌వైజరు వచ్చి, గద్ద లేని చొక్కాలు చూసి, పెన్ డ్రైవ్ వెనక్కి తీసుకుని బజారుకి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మొగుడి పరువు తీసిందని వీధిలో అన్నారు. ఇస్త్రీ బండి అతను ఆమెకు వినబడేలా అన్నాడు.

"ఇస్త్రీ చూసుకో నాయనా, మాడుతోంది" అంది కాజాలక్క.

ఇంట్లో అతను మాట్లాడలేదు. ఆమె వండింది, పెట్టింది. అతను తిన్నాడు. ఒక మాట అంటే అయిపోతుంది, తప్పయిందని, కొన్నయినా కుడతానని. ఆ మాట కొన్నిసార్లు నోటిదాకా వచ్చింది. అతను అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నప్పుడు మరీ వచ్చింది. ఆమె నీళ్ళ గ్లాసు జరిపింది కానీ మాట జరపలేదు.

పిట్టను మళ్ళీ ఫ్రేములో బిగించింది. కొలిచి, గీతలు గీసి, ఊపిరి బిగబట్టి బిగించింది. నీలం దారం ఎక్కించింది. తోక ఒంటికి వెంట్రుకవాసి దూరంగా పడింది. విప్పుదామా అనుకుంది. విప్పలేదు. నర్సు ఆ ముక్కని వేలితో తడిమి చూసింది. "ఒక్కసారిగా ఎగిరినట్టుంది. తోక అందుకోలేకపోయింది" అంది.

బొంత పై ముక్కలన్నీ కూర్చడం అయింది. ఇక పైన పిట్టల పొర, మధ్యలో దూది పొర, అడుగున గుడ్డ, మూడూ కదలకుండా గుండుసూదులు గుచ్చాలి. దానికి పెద్ద బల్ల కావాలి. ఇంట్లో పెద్ద బల్ల ఒకటే ఉంది. అది ముందు గదిలో, టైలరు గుడ్డ కోసే బల్ల. దాని మీద ఇంకొకరు చేయి పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

షాపు సెలవు రోజున కాజాలక్క ఆ బల్ల మీదున్న కత్తెర, టేపు, సుద్ద తీసి కిటికీలో పెట్టింది. ఎవరినీ అడగలేదు. ముగ్గురు ఆడవాళ్ళూ బొంతను బల్ల మీద పరిచారు. కండక్టరు ఆ చివర నిలబడి "కొంచెం లోపలికి జరపండి" అంటోంది.

టైలరు బయటనుంచి వచ్చాడు. తన బల్లను చూశాడు. బల్ల కనబడలేదు, పిట్టలు కనబడ్డాయి. తీగల మీద, గోడల మీద, గాలిలో. తోక వెనకబడినది ఒకటి. వాటి మధ్యలో ఒక ఖాకీ ముక్క. దాని మీద గద్ద.

అది అతను గద్ద కుట్టిన మొదటి చొక్కా. విప్పే ఓపిక లేక ఇల్లు తుడిచే గుడ్డల్లో పడేశాడు. ఆమె ఆ చోటు మాత్రం చదరంగా కోసుకుంది. మూసుకుపోయిన జేబు, వీపు, అన్నీ అలాగే ఉన్నాయి. అన్ని ముక్కల్లోకీ అదే మందంగా ఉంది.

చాలా రోజుల తర్వాత అతను నోరు తెరిచాడు.

"దీన్నెందుకు పెట్టావే ఇందులో?"

ముగ్గురూ సూదులు ఆపారు. ఒకరినొకరు చూసుకున్నారు.

"టీ" అంది నర్సు.

"ఏంటి?"

"అడిగినవాళ్ళే టీ ఇవ్వాలన్నయ్యగారూ" అంది కండక్టరు. "ఇక్కడ అదీ రూలు."

"నేనెందుకు ఇవ్వాలి?"

"రెండో టీ" అంది నర్సు.

టైలరు భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. గద్ద మూల దగ్గర గుండుసూది దిగడం లేదు, గుంట పడిన వేలితో నొక్కుతోంది.

"నా షాపు. నా బల్ల" అన్నాడు, కొంచెం నెమ్మదిగా.

"బల్ల మీదే" అంది కాజాలక్క. "గద్ద కూడా మీదే. దాన్ని మీరు కుట్టారు కాబట్టి పెట్టాను. మిషను నాది."

సూది దిగింది.

అతను కిటికీలో తన కత్తెరని చూశాడు, టేపుని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తెర తప్పించుకుని, వెనక గదిలోంచి వంటగదిలోకి వెళ్ళాడు.

"నాకు పంచదార తక్కువ" అని అరిచింది కండక్టరు.

కొంచెంసేపటికి లోపల్నుంచి అతని గొంతు వచ్చింది. "టీపొడి ఎక్కడుంది?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది."

లోపల డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తున్న చప్పుడు. కాజాలక్క లేవలేదు. ఇంకో గుండుసూది తీసుకుంది.